బుధవారం కూడిక

ముందు చప్పుడే వస్తుంది. ఎండిన ఆకు మీద ఎవరో గోటితో రాస్తున్నట్టు సన్నటి గీకుడు, ఆగి ఆగి. పొందూరులో ఆ సందు మలుపు తిరిగాక గున్నమ్మ కనిపిస్తుంది, అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతూ. నలుసు చేప పళ్ల సందుల్లో చిక్కుకుంటుంది, దూది ఇవతలికి వస్తుంది. అరవై ఏడేళ్ల వయసులో ఆమెకు పనీ అదే, పొద్దుపోకా అదే.

ఊసులాడే మనుషులు ఒకప్పుడు ఉండేవారు. పెళ్లయిన కొత్తలో భర్తతో పాటు నాగావళిలో బాప్తిస్మం తీసుకుంది. ఆయన పోయాక మిగిలిన బలగమంతా బుధవారం కూడికే. వారానికొకరి ఇంట్లో పదిమంది ఆడవాళ్లు చేరి, పాడుకుని, వాక్యం చదువుకుని, టీ తాగుతూ ఆ వారం కష్టసుఖాలు చెప్పుకునేవారు. తోడికోడలు పద్మకుమారి ఆమె పక్కనే కూర్చునేది. రాగం తప్పితే మోచేత్తో పొడిచేది.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సంఘంలో పెద్దరికం చేసే ధనరాజు వాట్సాప్ గ్రూపు పెట్టాడు. మొదట్లో వాక్యాలు వచ్చేవి. పోనుపోను ఎక్కడివాడో తెలియని ప్రసంగీకుడి గొంతు రావడం మొదలైంది. ఈ మాట పన్నెండు మందికి పంపితే శుక్రవారంలోగా ఆశీర్వాదం, పంపకపోతే నష్టం. గున్నమ్మ విని ఊరుకునేది. మొన్న వేసవిలో మాత్రం ఆ గొంతు, మాత్రలు మింగేవాళ్లకు విశ్వాసం లేనట్టేనంది. మర్నాడు పద్మకుమారి తన షుగరు మాత్రలు పెంటకుప్ప మీద పారేసింది.

గున్నమ్మకు టైపు చెయ్యడం రాదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులోనే చెప్పింది.

"సువార్త రాసిన లూకా వైద్యుడు కాడేటి? మందులు పారీమని ప్రెబువు ఎక్కడా సెప్పనేదు. ఇది ఆయన మాట కాదు."

ధనరాజు ఫోన్ చేసి, అది తీసేసి తప్పయిందని చెప్పమన్నాడు. చెప్పనంది. సాయంత్రానికి ఆమె గ్రూపులో లేదు.

ఆ బుధవారం కూడిక ఆమె ఇంట్లోనే. చాప పరిచింది. పదకొండు గ్లాసులు కడిగి బోర్లించింది. ఎండ గుమ్మం దాటి చాప మీదికి వచ్చి, చాప దాటి గోడెక్కింది. ఎవరూ రాలేదు. కూడికలో ఎప్పుడూ పాడే రెండు పాటలూ ఒక్కతే పాడింది, పక్క గొంతు అందుకోవలసిన చోట కాసేపు ఆగి, తానే అందుకుని.

మర్నాటి నుంచి గున్నమ్మ రోజూ పొద్దున్నే, ఆసుపత్రి నుంచి తెచ్చిన మాత్రలు పట్టుకుని పద్మకుమారి ఇంటి గుమ్మం ముందు నిలబడేది. ఆమెను చూసి పద్మకుమారి తలుపు మూసుకునేది. పదో రోజున తలుపు తీసే ఉంది. షుగరు పెరిగి, కాలికి పుండు పడి పద్మకుమారి మంచం దిగలేకపోతోంది.

"ఏసుకుంతానక్కా. సంగంలో ఎవులికీ సెప్పకు. నన్ను కూడా తీసెత్తారు."

గున్నమ్మ మాటిచ్చింది.

రెండు నెలలకు పుండు మానింది. ఆదివారం చర్చిలో ధనరాజు పద్మకుమారిని మైకు ముందు నిలబెట్టి, మందు లేకుండానే స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పించాడు. ఆమె తలవంచుకుని రెండు ముక్కలు చెప్పింది. అందరూ హల్లెలూయ అన్నారు. వెనక బెంచీ మీద గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకెంతమంది మాత్రలు పారేస్తారో అన్న భయం ఆమెను నిలవనివ్వలేదు. దారిలో తోడికోడల్ని ఆపి, నిజం నువ్వైనా చెప్పు, ఆ మాట నుంచి నన్నైనా విడిచిపెట్టు అని అడిగింది. పద్మకుమారి ఏడ్చింది గాని ఊ అనలేదు.

గున్నమ్మ ఇప్పటికీ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది. ఆ బెంచీ మీద ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. బుధవారాలు మాత్రం మానలేదు, చాప పరుస్తూనే ఉంది.

సంఘానికి బయటివాణ్ణయిన నేను ఇదంతా విని సెలవు తీసుకుంటే, ఆమె సందు చివరిదాకా వచ్చింది.

"సంగంలో ఎవులడిగినా అబద్దమాడను బాబూ," అంది. "అడగడానికే ఎవులూ రారు."