తక్కెడమ్మ కొడుకు బరువు

సరుకుల కొట్టులో పదకొండేళ్లుగా తూకం వేసేది ఆమే. అందుకే వీధి వీధంతా తక్కెడమ్మ అని పిలిచేది. "సంచీ బరువు కూడా నాకే అంటగడతావా?" అని కొనేవాళ్లు నోరు తెరవకముందే ఖాళీ సంచీని విడిగా తూచి, అంత తీసేసి చెప్పేది. ఇక పిల్లలు పుట్టరని అందరూ మాట్లాడుకోవడం కూడా మానేశాక, ముప్పై ఎనిమిదో ఏట కొడుకు పుట్టాడు.

పిల్లాడు పుట్టాడు గానీ పాలు సరిగా పడలేదు. రెండు నిమిషాలు చప్పరించి, వదిలేసి ఏడుపు లంకించుకునేవాడు. రొమ్ము చీరుకుపోయి వాడి నోరు తగిలితే ప్రాణం పోయినట్టుండేది. అయినా పంటి బిగువున కూర్చునేది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ఒక సలహా పడేసి పోయేవారు. "మా చెల్లెలికైతే పక్కింటి పిల్లకి కూడా సరిపోయేవి తల్లీ" అని ఒకావిడ చెప్పి మరీ వెళ్లింది.

పదో రోజున ఆరోగ్య కేంద్రంలో నర్సు తూచింది. రెండు కిలోల ఆరు వందలు. పుట్టినప్పటికంటే రెండు వందలు తక్కువ.

"వారం చూద్దాం. పట్టించడం మాత్రం ఆపకు. పెరగకపోతే పైపాలు తప్పవు" అంది నర్సు, పిల్లాణ్ణి ఎలా పట్టుకోవాలో చూపిస్తూ.

పైపాలు అన్న మాట ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఇన్నేళ్లకి ఒక్కడు పుడితే, వాడికీ కొన్న పాలేనా?

కొట్టు యజమానిని అడిగి చిన్న కాటా తెప్పించుకుంది. "పిల్లాణ్ణి అమ్మకానికి పెడతావా ఏంటమ్మా?" అని ఆయన నవ్వాడు. రోజూ పొద్దున్నే పాత పల్చటి గుడ్డలో పెట్టి తూచేది. మూడు రోజులు అంకె పెరగలేదు. నాలుగో రోజు వాన పడి చలిగాలి కొడుతుంటే, అత్త వాణ్ణి మందపాటి తువ్వాల్లో రెండు చుట్లు చుట్టి ఇచ్చింది. కాటా రెండు కిలోల ఎనిమిది వందల యాభై చూపించింది.

ఆ రోజు ఆమె కాలు నేల మీద నిలవలేదు. లారీ మీద ఊళ్లు తిరిగే మొగుడికి ఫోన్ చేసి రెండుసార్లు చెప్పింది. అత్త ముందుజాగ్రత్తగా తెచ్చిన పాలపొడి డబ్బాను తిరిగి ఇచ్చి రమ్మంది.

"వాడి బుగ్గలు చూస్తే నాకు అలా అనిపించట్లేదే" అంది అత్త.

"కాటా అబద్ధం చెప్తుందా అత్తయ్యా?"

అత్త డబ్బా పట్టుకెళ్లింది. తర్వాతి రోజుల్లోనూ అదే తువ్వాలు, ఇంచుమించు అదే అంకె. పిల్లాడికి ఏడుపు తగ్గింది, నిద్ర ఎక్కువైంది. కడుపు నిండి పడుకుంటున్నాడనుకుని ఆమె మురిసిపోయింది.

వారం తిరిగాక నర్సు తువ్వాలూ చొక్కా అన్నీ తీసేసి తూచింది. రెండు కిలోల నాలుగు వందల యాభై.

"మీ కాటా చెడిపోయినట్టుంది. ఇంట్లో నాలుగు వందలు ఎక్కువ చూపిస్తోంది" అంది తక్కెడమ్మ.

"దేంట్లో పెట్టి తూచావు?"

తక్కెడమ్మ కుర్చీ మీది తువ్వాలు తీసి తనే కాటా మీద పెట్టింది. మూడు వందల తొంభై.

"వీడిది కడుపు నిండిన నిద్ర కాదమ్మా. ఏడవడానికి ఓపిక లేక పడుకుంటున్నాడు. పెద్దాసుపత్రికి రాసిస్తున్నా, ఇప్పుడే వెళ్లాలి. ముందు ఇక్కడ కొంచెం పట్టిద్దాం" అంటూ నర్సు చిన్న గిన్నెలో పాలు కలిపి తెచ్చింది.

అత్త ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మొదటి గుక్కలు పెదవుల పక్క నుంచి కారిపోయాయి. తర్వాత మింగాడు. ఆగి, మళ్లీ మింగాడు. "రొమ్ము మానకు, ప్రతిసారీ ముందు అదే పట్టించు, తర్వాతే ఇది" అని నర్సు చెబుతూనే ఉంది. ఆమె తల ఊపింది గానీ చెవికెక్కలేదు. గిన్నె ఖాళీ అయింది. వాడు ఇంకా నోరు తెరిచే ఉన్నాడు. ఇన్ని రోజులూ వాడికి ఇంత ఆకలి వేసిందని ఆమె అప్పుడే చూసింది.