చేపల గదిలో స్నోబోర్డు

ఆ రోజుల్లో నా అసూయకి కూడా వరుస సంఖ్యలుండేవి. శీతలీకరణలో డిప్లొమా చేసి, యాంగోన్‌లో (మా ఇళ్ళల్లో ఇంకా రంగూనే) పజుండౌంగ్ వాగు పక్కనున్న చేపల కోల్డ్ స్టోరేజీలో టెక్నీషియనుగా చేరిన కొత్త. గీతల నోటుబుక్కు జేబులో లేనిదే గడప దాటేవాణ్ణి కాదు. ముందు పేజీల్లో కంప్రెసర్ల ఒత్తిళ్ళు, గదుల ఉష్ణోగ్రతలు రాసుకునేవాణ్ణి. చివరి పేజీ మాత్రం, ఎవరి కంటా పడకుండా, మా పెద్దమ్మ కొడుకు మీద నాకున్న కుళ్ళుకి కేటాయించాను. ఒకటి: నాకంటే నలభై ఒక్క రోజుల ముందు పుట్టాడు (ఆ కారణంగా జీవితాంతం అన్నా అని పిలవాలి). రెండు: నాకంటే రెండు సెంటీమీటర్లు పొడవు. మూడు: జపాన్‌లో ఉద్యోగం. నాలుగు: గోడ.

గోడంటే మా అమ్మమ్మ ఇంట్లో ముందుగది గోడ. నాలుగో అంతస్తులో ఉండే ఆ ఇంట్లో లక్ష్మీదేవి క్యాలెండరుకీ గడియారానికీ మధ్య ఒక్క ఫొటోకే చోటుంది. ఆ చోట్లో చాలాకాలం మా తాతయ్య ఉండేవాడు. జపానన్న (వెళ్ళిన నెలకే వాడికా పేరు స్థిరపడింది) మంచు కొండల మధ్య ఏదో హోటల్లో చేరి, నారింజరంగు జాకెట్టు తొడుక్కుని, స్నోబోర్డనే పొడవాటి పలక చంకలో పెట్టుకుని, వెనకాల తెల్లటి కొండతో ఒక ఫొటో పంపాడు. అమ్మమ్మ దాన్ని పెద్దది చేయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, తాతయ్యని పక్కగోడకి బదిలీ చేసి మరీ తగిలించింది. నేను డిప్లొమా పట్టా పుచ్చుకుంటున్న ఫొటో వంటగదిలో బియ్యం డబ్బా పైన ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా అమ్మమ్మ మంచినీళ్ళ కంటే ముందు గోడ చూపించేది. "మా పెద్దమ్మాయి కొడుకు. మంచు మీద నడుత్తాడు, ఎంత సలో!" అనేది. నేను రోజూ మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో పనిచేస్తానని ఆవిడకి చాలాసార్లు చెప్పాను. "అది సేపల సలి కదరా," అనేసింది.

ఒక ఆదివారం నేను అక్కడ భోజనానికి కూర్చోబోతుండగా జపానన్న నాకు ఫోన్ చేశాడు.

"ఒరే లిస్టూ, నీకో పని." (లిస్టు నా పేరు. ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదు.) "ఇక్కడ మంచు సామాన్లు ముట్టుకుంటే కాలిపోతన్నాయిరా. మన రంగూన్లో జపానోళ్ళ పాతసామాన్ల షాపులున్నాయి కదా, కంటెయినర్లలో దిగుతాయి, ఆటిల్లో బోర్డులు, బూట్లు, జాకెట్లు బోలెడుంటాయంట. అక్కడెవడు కొంటాడు? సవగ్గా ఇచ్చేత్తారు. వచ్చే వారం మన లమ్మడా పేట కుర్రోడొకడు మా హోటలుకే వస్తన్నాడు, ఆడి పెట్టెలతో పంపీ."

జపాన్‌లో తయారై, జపాన్‌లో వాడి, సముద్రం మీద యాంగోన్ వచ్చిన వస్తువుని డబ్బు ఆదా కోసం మళ్ళీ జపాన్ పంపడం! సాంకేతికంగా చూస్తే ఇందులో ఏదో తప్పుందని నాకు అప్పుడే అనిపించింది. కానీ నా బుర్ర ఆ లెక్క దగ్గర ఆగలేదు. అలాంటి జాకెట్టూ, అలాంటి పలకా కనీసం ఒక వారం నా దగ్గర ఉంటాయన్న చోటికి వెళ్ళి ఆగింది. "అలాగే అన్నా," అన్నాను, చాలా వినయంగా.

మర్నాడే పదిహేడు అంశాల జాబితా రాశాను. బోర్డు, పాదాలు బిగించే పట్టీలు, వాటి మరలు, బూట్లు, నారింజరంగు జాకెట్టు, ప్యాంటు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, ఇంకా జాకెట్టు జిప్పుకి పూయడానికి కొవ్వొత్తి ముక్క దాకా. షాపులో అన్నం కుక్కర్లు, టేబులు ఫ్యాన్లు, బొమ్మలు, గోల్ఫు కర్రల మధ్య నాకు కావలసిన పలక రెండు బకెట్ల మీద అడ్డంగా ఉంది. దాని మీద షాపావిడ టిఫిను క్యారేజీ ఉంది. కిందికి వంగి వెర్నియరుతో పలక మందం కొలుస్తుంటే ఆవిడ బర్మా భాషలో అడిగింది:

"తమ్ముడూ, దీంతో ఏం చేస్తారు?"

"మంచు మీద జారతారు."

"జారితే?"

"కొండ కిందికొస్తారు."

"వచ్చి?"

"మళ్ళీ పైకెళ్ళి జారతారు."

ఆవిడ నన్ను కాసేపు చూసి, క్యారేజీ తీసి పక్కన పెట్టుకుని, నేనడక్కుండానే ధర తగ్గించింది.

బూట్ల విషయంలో నా పద్ధతి చూసి నేనే ముచ్చటపడ్డాను. నా పాదమూ జపానన్న పాదమూ ఒకటే కొలత. చిన్నప్పుడు గుడి మెట్ల దగ్గర ఒకరి చెప్పులు ఒకరు తొడుక్కుని ఇంటికొచ్చేవాళ్ళం. కాబట్టి నాకు పట్టినవి వాడికి పడతాయి. చెప్పులు విడిచి, తడిగుడ్డతో కాళ్ళు తుడుచుకుని, తొమ్మిది జతలు తొడిగి చూసి, వేలి కొసకీ బూటు ముక్కుకీ మధ్య నాలుగంటే నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ ఉన్న జత ఎంచాను.

ఇక పద్దెనిమిదో అంశం. జాబితాలో దాన్ని 'పరీక్ష' అని రాసుకున్నాను. నిజానికి అది ఫొటో. మధ్యాహ్నం భోజనాల వేళ కోల్డ్ స్టోరేజీ గది ఖాళీగా ఉన్నప్పుడు జాకెట్టూ బూట్లూ తొడిగి, చేపలకి వాడే ఐసుపొడి నాలుగు పారల నిండా తెచ్చి, సరుకు దింపే చెక్క వాలు మీద పరిచాను. మా మేస్త్రిని బతిమాలి ఆయన ఫోనుతోనే ఫొటో తియ్యమన్నాను.

"ఏటి బాబూ ఇది? సేపలకి మెత్తగా పక్కేసినట్టుంది."

"నువ్వు నొక్కు మేస్త్రీ. ఫొటోలో తెల్లగోడ పడాలి, బుట్టలు పడకూడదు."

"బుట్టలు పడకపోతే నువ్వు పడతావు," అన్నాడాయన. నేను పట్టీలు బిగించుకుంటూ, ఘర్షణ చాలా ఎక్కువ, కదలదు, అని వివరిస్తున్నాను. అప్పటికే కదిలింది. వాలు పొడవు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. ఆ దూరానికి ఎంతసేపు పట్టిందో కొలవలేదు. నేను ఆగింది మాత్రం రొయ్యల బుట్టల మధ్య, రెండు కాళ్ళూ పలకతో సహా పైకి లేచిన భంగిమలో. మేస్త్రి చాలా నిజాయితీపరుడు. నొక్కమన్నాను కదా అని ఆగకుండా నొక్కుతూనే ఉన్నాడు.

పడకముందు తీసిన ఒక ఫొటోని మేస్త్రి దగ్గర తీసుకుని, అంచులు కత్తిరించి, కుటుంబం గ్రూపులో పెట్టాను. కింద 'మంచులో' అని ఒక్క మాటే రాశాను. ఆ మాటలో అబద్ధం లేదని నా నమ్మకం. నిమిషం తిరక్కుండా జపానన్న జవాబు: "ఒరే, అది నా జాకెట్టే కదరా? నా బోర్డుకి ఆ పొలుసులేటి?" వెంటనే అమ్మమ్మ గొంతు రికార్డయి వచ్చింది: "నాన్నా, నీ ఎనకాల మూలని తోకలు కనబడతన్నాయి. పండుగప్పలా?"

పండుగప్పలే.

సామాను వెళ్ళింది. ఆ పై ఆదివారం నేను అమ్మమ్మ ఇంట్లో భోజనానికి కూర్చోగానే ఈసారి వీడియోలో జపానన్న కనిపించాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"బూట్లు పట్టలేదురా లిస్టూ."

"అసాధ్యం అన్నా. నాలుగు మిల్లీమీటర్ల ఖాళీతో తీసుకున్నాను."

"మేజోళ్ళేసుకుని సూసేవా?"

"మేజోళ్ళా?"

చెప్పులేసుకు తిరిగే ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి. స్కూలు వదిలాక మేజోడు ముట్టుకోలేదు. పదిహేడు అంశాలు రాసి, కొవ్వొత్తి ముక్క కూడా మర్చిపోని నాకు, మందపాటి ఉన్ని మేజోళ్ళు ఉంటాయనే తట్టలేదు.

"మరేం చేశావు?"

"వట్టి కాళ్ళతోనే తొడిగీసి ఎల్లేను. ఏళ్ళు మొద్దుబారిపోనాయి. నాలుగుసార్లు పడ్డాను. మొదటిసారి కదా."

"మొదటిసారేంటి? గోడ మీద ఫొటో?"

వాడు వెనక్కి చూసుకుని గొంతు తగ్గించాడు. "అమ్మమ్మకి సెప్పకు. ఆ జాకెట్టూ బోర్డూ హోటలువిరా, గంట అద్దెకి. ఫొటో తీసుకుని ఇచ్చీసేను. నానుండేది గిన్నెల కాడ. కిటికీలోంచి కొండ కనబడతాది, దిగుతున్నోళ్ళు కనబడతారు. ఒక్కసారైనా నా సొంత సామానుతో దిగాలని..." మధ్యలో ఆపేశాడు. తెరకి దగ్గరగా వంగి నా భుజం వెనక్కి చూశాడు. "ఆగు. ఆ గిన్నెలో ఏటది? ఎండునెత్తళ్ళ పులుసేనా?"

"ఆ."

"వంకాయేసిందా?"

"వేసింది."

"ఎదవా," అన్నాడు మనస్ఫూర్తిగా. "ప్రతి ఆదివారం తింటన్నావు కదరా. ఫోను కొంచెం దగ్గరెట్టు, సూడనీ."

ఫోను పులుసు గిన్నె మీదికి వంచి పట్టుకున్నాను. వాడు చూస్తూనే ఉన్నాడు. నా చేయి నొప్పెట్టేదాకా దించలేదు. ఆ సాయంత్రం నోటుబుక్కు చివరి పేజీ తీసి చూస్తే, నా జాబితాలో అన్నీ వాడికున్నవే. నాకున్నవాటికి పక్కన ఒక గడి కూడా గీసుకోలేదు. గీద్దామని స్కేలు తీశాను గానీ, మొదటి వరసలో పులుసు అని రాయడానికి టెక్నీషియనుగా కొంచెం నామోషీ అనిపించింది.

అమ్మమ్మకి నేను చెప్పలేదు. ఆవిడ మాత్రం మా మేస్త్రిని మార్కెట్లో పట్టుకుని, నేను ఎవరికీ చూపించని పడ్డప్పటి ఫొటో ఇప్పించుకుని, దానికీ తొడుగు వేయించింది. గడియారాన్ని జరిపి మరీ నన్ను గోడకెక్కించింది. నారింజరంగు జాకెట్టు, గాల్లో కాళ్ళు, చుట్టూ రొయ్యలు. నేను ఏళ్ళ తరబడి కోరుకున్న చోటు అది. వచ్చినవాళ్ళకి ఆవిడ చెప్పేది: "ఆడు జపాన్లో మంచులో నిలబడ్డాడు. ఈడు మన పజుండౌంగ్‌లో సేపల్లో పడ్డాడు. ఆదివారం రండి, ఈణ్ణయితే సూడొచ్చు."

బూట్లు తర్వాత ఎవరి పెట్టెలోనో తిరిగొచ్చాయి. (మూడోసారి సముద్రం దాటాయి. అంత తిరిగిన పాదరక్షలు మా వంశంలో లేవు.) అమ్మమ్మ వాటిని వీధిలోంచి, కూరగాయలు పైకి లాక్కునే బాల్కనీ తాడుకి కట్టించి పైకి లాక్కుని, మట్టి నింపి, ఒకదాంట్లో కొత్తిమీర, ఒకదాంట్లో పచ్చిమిరప వేసింది. కొత్తిమీర బాగా వచ్చింది. జపానన్న ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, వంటవాడయ్యాడు. మా ఇద్దరిలో ఎవరికీ మంచు మీద నిలబడడం రాదు. నాకిప్పుడు నోటుబుక్కు లేదు, ఫోన్లోనే రాసుకుంటున్నాను, చివరి పేజీ అంటూ ఉండదు. అయినా ఆదివారాల్లో ఎవరైనా కొత్తవాళ్ళొచ్చి, గోడ వైపు చూసి, "మీ ఇద్దరిలో జపాన్‌లో ఉండేదెవరు?" అని నన్నే అడిగితే, నేనే అనేద్దామా అని గుమ్మంలో అమ్మమ్మ ఉందో లేదో ఒకసారి చూసుకుంటాను. ఆ తర్వాతే నిజం చెబుతాను.