చేతికి నోటి దారి

కేసముద్రం నుంచి మా మరిది ఫోన్ చేసి, "వదినే, నాయిన పోయిండు" అన్నాడు. మళ్లీ తనే, "పొద్దుగాల తన చేత్తోనే రొట్టె తిన్నడు. మంచంల ఒరిగిండు. తిప్పలేం పడలే" అన్నాడు. జనగామలో మా వంటింట్లో నిలబడి విన్నాను. ఏడుపొచ్చింది. దాని వెంటే, చెప్పుకోవడానికి మొహమాటంగా ఉన్నా, గుండె మీది బరువు దిగింది. మా మామ తన చేత్తో తిని పోయాడు. ఆయన కోరుకున్నదీ అదే.

పద్నాలుగేళ్ల కిందట, రాష్ట్రం కోసం సమ్మెలు నడుస్తున్న రోజులవి. మా ఆయన బడిపంతులు, ఆయనా సమ్మెలో ఉన్నాడు. ఏడాది దాటిన పాపతో అత్తగారింటికి చేరాం. అప్పటికి కొన్నాళ్ల ముందే మామకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మార్కెట్ యార్డులో ఆయన మాట్లాడితే గేటు దాకా వినిపించేది. అంతటి మనిషి ఒకరు పెడితే తినాల్సి వచ్చింది. ఎడమచేత్తో తినడానికి ససేమిరా ఒప్పుకోలేదు. అత్త కలిపి పెడితే రెండు ముద్దలకే చాలనేవాడు. ఎవరైనా వస్తే పళ్లెం తీయించేవాడు. మనిషి సగమయ్యాడు.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. కూర్చోబెడితే పక్కకు ఒరిగేది. ఏదిచ్చినా పిడికిలితో పట్టేదే తప్ప వేళ్లతో ఏరలేకపోయేది. నేను తినిపించబోతే మూతి తిప్పేసేది. తననే తిననివ్వమని, ఒలకబోసినా పర్వాలేదని మానుకోట డాక్టరమ్మ చెప్పింది. తిండి లేక చిక్కిపోతుందేమో, అసలు నడుస్తుందో లేదోనని నాకు రోజంతా అదే దిగులు.

ఒక మధ్యాహ్నం మామ తన పళ్లెం కింద పెట్టమన్నాడు. పాపను గోడకు ఆనించి ఎదురుగా కూర్చోబెట్టమన్నాడు. మెత్తటి అన్నం, పప్పు. ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి పళ్లెంలో పెట్టుకున్నాడు. ముద్ద నోటిదాకా రాలేదు, మెతుకులన్నీ ధోతి మీద పడ్డాయి. పాప ఆయన్నే చూస్తూ తన చెయ్యీ అన్నంలో పెట్టింది. అది బుగ్గకు తగిలింది, ముక్కుకు తగిలింది. నేను తుడవబోయాను.

"ఉండనీ బిడ్డా. నోరు యాడున్నదో చెయ్యికి ఎరుక కావాలె గద. దానికి గిప్పుడు ఎరుకైతది, నాకు మళ్ల ఎరుక కావాలె."

ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురెదురుగానే తిన్నారు. తిన్నదానికన్నా పారబోసింది ఎక్కువ. మెల్లగా పాప నడుము నిలిచింది. గోడ అక్కర్లేకపోయేసరికి చేతులకు స్వేచ్ఛ వచ్చింది. తర్వాత బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్క మెతుకే ఏరడం పట్టుబడింది. చెంచా ఇస్తే మాత్రం నోటి దగ్గరికొచ్చేసరికి బోర్లా తిప్పేది. "నీకన్న నేనే నయం" అనేవాడు మామ. ఆయన వేళ్లలోనూ కొంచెం కొంచెంగా పట్టు వస్తోంది.

ఉద్యమంలో భాగంగా ఊరంతా రోడ్డు మీదే వండుకుని తినే రోజొకటి వచ్చింది. స్నేహితులు పిలవడానికొస్తే రానన్నాడు. పాపను ఎత్తుకుని మేం బయలుదేరుతుంటే, ఏమనుకున్నాడో, చేతికర్ర అందుకున్నాడు.

రోడ్డు మీద భోజనాల బంతిలో పాప పక్కనే కూర్చున్నాడు. విస్తరి నిండినా చెయ్యి కదలలేదు. చుట్టూ అందరూ తెలిసినవాళ్లే. పాప ఆలుగడ్డ ముక్క ఒకటి వేళ్లతో ఏరి, ఎక్కడా తగలకుండా తిన్నగా నోట్లో పెట్టుకుంది. ఇంకోటి ఏరింది. మామ దాన్ని చూశాడు. ముద్ద కలిపాడు. చెయ్యి వణికింది, సగం జారింది, సగం నోట్లోకి పోయింది. పక్కన కూర్చున్నతను మామ విస్తరిని కాస్త దగ్గరికి జరిపాడు.

"చారు పొయ్యుర్రి ఇటు" అన్నాడు మామ. బంతి చివరి దాకా వినిపించింది. గరిటె పట్టుకున్న అత్త మొహం అటు తిప్పుకుంది.

చలికాలం వెళ్లకముందే పాప నడిచింది. కొన్నేళ్లకు రాష్ట్రమూ వచ్చింది. ఆ రోడ్డు బంతి తర్వాత మామ ఏ పెళ్లి బంతినీ తప్పించుకోలేదు. చిన్నపిల్లలకు ఎవరైనా తినిపిస్తుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. "దాని చెయ్యి దానికున్నది, ఆపకుర్రి" అనేవాడు.

మామ పోయిన మూడో రోజు, ఆయన పేరున పిట్టకు పెట్టడానికి చేను దగ్గరికి పోయాం. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందంటారు. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న ఆ పాపే మోదుగ విస్తరిలో అన్నం, మటన్ పెట్టి వెనక్కి వచ్చింది. మేమింకా గట్టెక్కనే లేదు, కాకి వాలింది. ముక్కను నోట కరిచి లేచింది. అది జారి పత్తిచెట్ల మధ్య పడింది. కాకి వెనక్కి తిరిగి, సాళ్ల మధ్య నడుచుకుంటూ వెతికి, దాన్ని మళ్లీ పట్టుకుని ఎగిరిపోయింది.