బాపు తుపాకికి ఎర్ర చుక్క

మా బాపుకు ఇద్దరు ఆడపిల్లలని ఊళ్లో అందరూ అనేవారు. అది తప్పు. ముగ్గురం. నేను, మా చెల్లె, తుపాకి. మా ఇద్దరి తలకు నూనె పెట్టించే సంగతి మరిచిపోయినా తుపాకికి నూనె పెట్టడం ఏనాడూ మరవలేదాయన. మూడో కూతురికి పెళ్లి చేసి పంపాల్సిన బాధ లేదు కాబట్టి దాని మీద ప్రేమ కాస్త ఎక్కువేనని మా అమ్మ దెప్పేది.

అది ఒంటి గొట్టం తుపాకి. నర్సంపేట అవతల మా ఊరి చేన్ల మీద అడవి పందులు పడి మక్కజొన్నను తొక్కి పోతుంటే, పంట కాపలాకని బాపుకు లైసెన్సు ఇచ్చారు. ఊరంతటికీ అదొక్కటే తుపాకి. చేను మీద పంది పడిందంటే పొద్దున్నే ఎవరో ఒకరు మా గడపలో ఉండేవారు, బాపు మంచె ఎక్కితే తప్ప ఆ రోజుకు వాళ్లకు నిమ్మళం ఉండేది కాదు. ఆయన నడకలో ఆ గొప్ప తెలిసేది. భుజాన తుపాకి లేకపోయినా ఉన్నట్టే నడిచేవాడు.

ఎనభైల మొదట్లో ఆయన గురి తప్పడం మొదలైంది. గొట్టం కొసన ఇత్తడి గింజ ఒకటి ఉంటుంది, దాన్ని చూస్తూ గురి పెట్టాలి. ఆ గింజ అరిగిపోయిందని బాపు వాదన. చింతపండు పెట్టి తోమాడు, సున్నం పూశాడు. గింజ పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరిసింది గాని పంది మాత్రం పడలేదు. అప్పటికి నేను హన్మకొండలో టీచరుగా చేస్తున్నాను. బలవంతాన వరంగల్లు దవాఖానకు తీసుకుపోయి చూపిస్తే, కంటి నరం ఎండుతోందనీ అద్దాలు మార్చినా లాభం లేదనీ చెప్పారు. బాపు ఊళ్లో బస్సు దిగగానే ఎదురైన మనిషికి, డాక్టరు కూడా గింజదే తప్పన్నాడని చెప్పాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం?

ఆ ఏడు వానాకాలంలో బాపు పందిని కొట్టబోయి చిన్నబాపు మోటారు షెడ్డును కొట్టాడు. చిన్నబాపు అంటే బాపు సొంత తమ్ముడు, పక్క చేను ఆయనదే. షెడ్డు రేకు జల్లెడైంది. పంది ఆ షెడ్డు వెనకాలే నిలబడి తీరిగ్గా కంకి తిని పోయిందట. చిన్నబాపు జల్లెడైన రేకును ఊడదీసి తెచ్చి పెద్దమనుషుల ముందు పెట్టాడు. కనిపించని మనిషి చేతిలో తుపాకి ఉంటే పందులకు కాదు మనుషులకే ఫికర్ అన్నాడు, లైసెన్సు తన పేరు మీదికి మార్పించమన్నాడు. బాపు ఒప్పుకోలేదు. చివరికి దసరా దాటాక వచ్చే ఆదివారం నలుగురి ముందు గురి చూపించాలనీ, తప్పితే తుపాకి తమ్ముడికి ఇవ్వాలనీ తీర్మానమైంది. బాపు సరేనని మీసం దువ్వాడు గాని, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఆ సమయానికి మా చెల్లె భర్త దుబాయి నుంచి దిగాడు. ఆయన యజమానికి వేట పిచ్చి. ఏదో కొత్తది కొనుక్కుని పాతది పక్కన పారేస్తే మా బాపు గుర్తొచ్చి దాన్ని పెట్టెలో వేసుకొచ్చాడు. చిన్న టార్చిలైటంత నల్లటి గొట్టం అది, రెండు వైపులా అద్దాలు. లోపల గుండీ అంత సెల్లు వేసి మర తిప్పితే గాలిలో ఎర్ర చుక్క ఒకటి తేలుతుంది. చుక్కను దేని మీద పెడితే దెబ్బ దానికే తగులుతుంది, కొసన ఉన్న గింజతో పనే లేదు. బాపు అందులోంచి ముందు మా అమ్మను చూశాడు, తర్వాత బర్రెను చూశాడు, ఇద్దరి నుదుటి మీదా చుక్క నిలిచిందని ఒకే రకంగా సంతోషించాడు. సాయంత్రానికి సగం ఊరు మా వాకిట్లో వరుస కట్టింది. ఒక ముసలమ్మ చూసి, దండం పెట్టి పోయింది.

చూడటం వరకు బాగానే ఉంది, దాన్ని తుపాకి మీద కూర్చోబెట్టడమెట్లా? అది కొత్త రకం తుపాకులకు చేసింది. మా తుపాకి గొట్టమేమో మోటబావి మీది మొద్దులా గుండ్రం. డోర్నకల్‌లో రైల్వే పని చేసే మా మేనమామకు కబురు పోయింది. ఆయన సంచి నిండా సామాన్లతో వచ్చి, ఇంజన్లు పట్టిన చేతికి ఇదొక లెక్కా అన్నాడు. బర్మా పెట్టి రెండు బెజ్జాలు వేస్తే అయిపోతుందన్నాడు. బాపు తుపాకిని ఒళ్లోకి లాక్కున్నాడు. తుపాకికి బెజ్జం పెడితే లైసెన్సు పోతుందన్నది ఆయన భయం, నిజంగా పోతుందో లేదో ఎవరికీ తెలియదు. కాబట్టి బెజ్జాలు లేకుండానే పని నడిచింది. ఇనుప పట్టీ వంచి, దాని కింద సైకిలు ట్యూబు ముక్క పరిచి, నీళ్ల పైపులకు బిగించే క్లిప్పులు రెండు వేసి మామ బిగించాడు. చూడటానికి చెయ్యి విరిగిన మనిషికి కట్టు కట్టినట్టుంది.

మొదటి దెబ్బకే కట్టు జారింది. తుపాకి వెనక్కి తన్నింది, చుక్క గొట్టం ఇంకా వెనక్కి వచ్చి బాపు కనుబొమ్మను ముద్దాడింది. నెత్తురు తుడుచుకుంటూ బాపు, పంది కంటే మామే ప్రమాదమని అన్నాడు. మామ ఏమీ అనుకోలేదు. ఈసారి క్లిప్పు మీద క్లిప్పు వేసి, పైన నల్లటేపు చుట్టి, ఇక ఇది భూకంపానికి కూడా కదలదన్నాడు. నిజంగానే కదల్లేదు. దసరా పండుగ అడ్డం రావడంతో గురి కుదిర్చే పని మర్నాటికి వాయిదా పడింది.

దసరా నాడు మా అమ్మ ఆయుధపూజ చేస్తే వంక పెట్టడానికి ఉండదు. నాగలి, గొడ్డలి, కుట్టు మిషను, మోటారు స్టార్టరు, నా చేతి గడియారం, అన్నీ పసుపూ కుంకుమా ఎక్కాల్సిందే. తుపాకికీ చేసింది.

మర్నాడు పొద్దున వాగు గట్టుకు పోయాం. వెనకాల ఎత్తయిన మట్టి కట్ట ఉంది, దెబ్బ ఎటూ పోదు. యూరియా బస్తాను విప్పి పరిచి దాని మీద బొగ్గుతో నేనే పందిని గీశాను. మామ చూసి ఇది గర్భంతో ఉన్న మేక కదా అన్నాడు. ఇసుక నింపిన గోనెసంచి మీద తుపాకిని ఆనించి బాపు కొట్టాలి. తూటాలోంచి చెదిరే ఛర్రాలు ఎక్కువగా ఎక్కడ పడ్డాయో చూసి చుక్క గొట్టానికున్న రెండు మరలు తిప్పాలి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. దాంతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి మరల పెత్తనం నాది.

బాపు కొట్టాడు. ఛర్రాలన్నీ పందికి ఎడమ పక్కన పడ్డాయి. నేను మర తిప్పాను. ఈసారి కుడి పక్కన, బస్తా అంచుకు పడ్డాయి. మామ నేను ఎక్కువ తిప్పానన్నాడు. సగం వెనక్కి తిప్పితే అన్నీ ఆకాశానికి పోయాయి. తిప్పకుండా కొట్టినా వేరే చోట పడుతున్నాయి. నేను బాణం గుర్తును తలకిందులుగా చదివానని మామ, క్లిప్పులు వదులయ్యాయని నేను, ఇద్దరం అరుచుకున్నాం. దూరంగా గట్టు మీద కూర్చుని చూస్తున్న చిన్నబాపు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మెల్లిగా అన్నాడు, మెల్లిగానే గాని అందరికీ వినపడేట్టు. బాపు ముఖం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆదివారం ఇట్లాగే జరిగితే ఈ మనిషి ఊళ్లో మళ్లీ తలెత్తుకుని ఎట్లా నడుస్తాడని దిగులు పట్టుకుంది.

సెల్లు తీసి తుడిచి వేసి చూడమని మామ సలహా ఇచ్చాడు. తీశాను. బాపుకు ఆ సంగతి తెలియదు, కన్ను ఇంకా అద్దానికే ఆనించి ఉన్నాడు.

"ఇప్పుడు చుక్క ఇంకా సాఫ్ కనపడ్తాంది బిడ్డా," అన్నాడు.

నేను నా అరచేతిలో ఉన్న సెల్లు వంక చూశాను. మామ నా అరచేతి వంక చూశాడు. ఇద్దరం తుపాకి ముందు వైపుకు పోయి వంగి చూశాం. ముందు అద్దం నడిమధ్యన, కింద పసుపు రాసి, పైన గుండ్రంగా, పండుగ నాడు ముత్తైదువ నుదుట ఉన్నట్టే కుంకుమ బొట్టు ఉంది. అసలు చుక్క ఆ ఎండకు వెలిసిపోయి ఎవరికీ కనపడనే లేదు. పొద్దటి నుంచి బాపు గురి పెట్టిందంతా అమ్మ పెట్టిన బొట్టుతో. అద్దానికి అంటుకున్న బొట్టు కన్ను కొంచెం కదిలితే చాలు ఇంకో చోట కనపడుతుంది, అందుకే దెబ్బ ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోయింది.

సద్ది తీసుకుని అప్పుడే వచ్చిన అమ్మను అడిగాం. అద్దానికి ఎందుకు పెట్టావంటే ఆమెకు కోపమొచ్చింది.

"ముఖానికి పెట్టకుంట ముడ్డికి పెడ్తరా ఎవలన్న?"

మామ గట్టు మీద పడి నవ్వాడు. చిన్నబాపు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కొంగుతో తుడవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పండుగ నాడు పెట్టిన బొట్టును తెల్లారే చెరుపుతారా, అందులోనూ ఇంటి మగవాడు పట్టే ఆయుధానికి, అని ఆమె కళ్లలో నీళ్లు. ఇది నవ్వే విషయం కాదని మాకందరికీ అర్థమైంది. మామ ఇంటికి పోయి కుంకుమ భరిణె తెచ్చాడు. అమ్మ ముందు తుపాకి కర్రకు బొట్టు పెట్టి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే అద్దం మీదది తుడవనిచ్చింది.

సెల్లు వేసి, మరను చివరికంటా తిప్పి వెలుగు పెంచితే అసలు చుక్క కనపడింది. ఇక చూడాలి బాపును. రెండు దెబ్బలకే ఛర్రాలు పంది దగ్గరికి జరిగాయి, మర కొంచెం తిప్పాక పంది పొట్ట మాయమైంది. ఆదివారం పెద్దమనుషుల ముందు ఇంకో బస్తాకు అదే గతి పట్టింది. చిన్నబాపు కండువా దులుపుకుని లేచి పోయాడు. బాపు ఆ సాయంత్రం చిల్లుల బస్తాను భుజాన వేసుకుని, అవసరం లేకపోయినా ఊరంతా తిరిగొచ్చాడు. ఆ నడక మళ్లీ వచ్చినందుకు నాకు పట్టలేని సంతోషమైంది.

సెలవులు అయ్యేలోపు ఒక్కసారి మంచె మీదికి రమ్మని, పంది పడటం నీ కళ్లతో చూద్దువని బాపు నన్ను పిలిచాడు. పొద్దు పొడిచే వేళకు ఎక్కి కూర్చున్నాం. సన్నగా మంచు ఉంది, మక్క చేను తడిగా ఉంది. నేను చలికి ముడుచుకుని వాగు వైపు చూస్తున్నాను. బాపు తుపాకి ఎత్తిన చప్పుడైంది. నేను తిరిగి చూసేసరికి కన్ను అద్దానికి ఆనించి ఉన్నాడు, వేలు కొక్కెం మీద ఉంది. ఆయన గురి పెట్టిన దిక్కుకు చూశాను. కంకుల మధ్య నల్లగా, వంగి, మెల్లిగా ఒకటి కదులుతోంది. నేను మంచె అంచుకు జరిగి కళ్లు చిట్లించాను.

బాపు వేలు నొక్కలేదు. కన్ను తియ్యకుండానే అడిగాడు.

"అది పందేనా బిడ్డా?"

"అమ్మ," అన్నాను.

మంచుకు నల్ల గొంగడి నెత్తిన కప్పుకుని, మాకు చాయ్ పట్టుకుని, దారిలో రాలిన కంకులు ఏరుకుంటూ వస్తోంది. బాపు తుపాకిని దించి, తూటా తీసి జేబులో వేసుకున్నాడు. అమ్మ మంచె కింద నిలబడి, చల్లారిపోతోంది దిగి తాగండని కేకేసింది. దిగి తాగాం. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని బాపు రోజూ తగువు పెట్టుకునేవాడు, ఆ రోజు గ్లాసు ఖాళీ చేసి ఇంకొంచెం పొయ్యమన్నాడు. నాకు కోపమొచ్చింది. ఆ గొట్టం మీద, దాన్ని తెచ్చిన మరిది మీద, దవాఖాన మాట తెలిసి కూడా చప్పట్లు కొట్టిన నా మీద.

అక్కడి నుంచి బాపు ఇంటికి రాలేదు, నేరుగా చిన్నబాపు ఇంటికి నడిచాడు. నేను వెనకాలే పోయాను. చిన్నబాపు వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు. మమ్మల్ని చూసి, పంది పడిందా అని అడిగాడు. బాపు తుపాకిని రెండు చేతుల మీదా పెట్టి ముందుకు చాపాడు.

"చుక్క మంచిగనే కనపడ్తాంది తమ్మీ. చుక్క యెనక ఏమున్నదో కనపడ్తలేదు. ఇగ నువ్వే పట్టు."

అంతకాలం అడిగి అడిగి తగువులాడిన మనిషి చిన్నబాపు. వేపపుల్ల నోట్లోంచి తీసి అన్న ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు గాని, చెయ్యి మాత్రం చాపలేదు.