లెక్కలోంచి తీసేసినవాళ్ళు

మా ఆయన తుపాకీ కొన్నప్పుడు వారం రోజులు నేను మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక ఇక ఆపలేదు. మేముండే ఊరు కమ్మింగ్‌లో బంగారం కోసం మనవాళ్ళ ఇళ్ళే చూసి దోచుకుంటున్నారని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. గ్రీన్ కార్డ్ కూడా చేతికొచ్చింది, అది ఉంటే ఇక్కడ తుపాకీ కొనుక్కోవచ్చు, ఇంకేం, పిస్టల్ కొనుక్కొచ్చాడు. దానితోపాటు నాలుగంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనప్పెట్టె ఒకటి. అది మా పడకగది క్లోసెట్‌లో, నా పట్టుచీరల పక్కన చేరింది.

మేమిద్దరం ఒకే క్లాసులో చదువుకున్నవాళ్ళం, వాదనలో ఎవరూ తగ్గం. పైగా నేను పదేళ్ళు డేటా రిపోర్టులు చేసి బతికినదాన్ని, నాకే అంకెలు చెబితే ఊరుకుంటానా? తుపాకులు ఎక్కువున్న రాష్ట్రాల్లో తుపాకీ చావులూ ఎక్కువని నేను చార్టు చూపించేదాన్ని. తుపాకీ ఉండబట్టి బతికినవాళ్ళ సంగతేంటని అతను ఇంకో చార్టు తీసేవాడు. ఆ లెక్క జనానికి ఫోన్ చేసి అడిగి కట్టింది, ప్రశ్న మారిస్తే జవాబు మారుతుందని నేను ఎగిరేదాన్ని. మధ్యలో పప్పు చల్లారిపోయేది. పాప కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయేది.

చివరికి అతని దగ్గర ఒకే మాట మిగిలేది. "ఆత్మహత్యలు తీసేసి చూడు."

తీసేస్తే నా చార్టు సగానికి పైగా కూలిపోతుంది. ఈ దేశంలో తుపాకీతో పోయేవాళ్ళలో ఎక్కువమంది తమను తాము కాల్చుకున్నవాళ్ళే. అది వేరే సమస్య, పోవాలనుకున్నవాడు ఎలాగైనా పోతాడు అనేవాడు. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ ఘడియ దాటి బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది మళ్ళీ ఆ జోలికే పోరు. తుపాకీ ఆ ఘడియ దాటనివ్వదు. జవాబు నా నాలుక చివరే ఉండేది. అయినా ఏప్రిల్ నుంచి నోరు పెగల్లేదు.

ఏప్రిల్‌లో నా ఉద్యోగం పోయింది. పాప స్కూల్ బస్సెక్కాక, అతను ఆఫీస్‌కి వెళ్ళాక, మంచం అంచున కూర్చునేదాన్ని. మధ్యాహ్నం దాకా అక్కడే. ఏడుపన్నా వస్తే బాగుండేది. ఒకరోజు క్లోసెట్ తలుపు తీసి ఆ పెట్టెనే చూస్తూ ఉండిపోయాను. నా అదృష్టం, కోడ్ నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు, అతనెప్పుడూ చెప్పలేదు. వాదనలో నెగ్గాలంటే ఈ సంగతి చెప్పాలి. చెబితే మాట బయటికి పొక్కి రెండు రోజుల్లో ఊరంతా నా గురించే, ఈవిడకేం తక్కువట అని. ఎటూ పోలేక కంచంలో చూస్తూ కూర్చునేదాన్ని. నేను ఓడిపోయాననుకుని మురిసిపోయేవాడు, పిచ్చి మారాజు.

దసరా వచ్చింది. ఏటా ఆయుధపూజకి మా ఇంట్లో లాప్‌టాప్‌లకీ, కూరగాయల కత్తికీ, కారుకీ బొట్లు పెడతాం. బొట్లు పెట్టే పని నాది. ఆ పొద్దున అతను గరాజ్ ముందు కారు కడుగుతున్నాడు. నేను కుంకుమ గిన్నె పట్టుకుని వెళ్ళాను.

"ఈసారి అసలు సిసలు ఆయుధమే ఉందిగా, దానికీ పెట్టు," అన్నాడు నవ్వుతూ. "కోడ్ పాప పుట్టినరోజే. ముందు నెల, తర్వాత తేదీ."

ఆపేలోపే చెప్పేశాడు. ఆరు నెలలుగా ఆ నాలుగంకెలు తెలియకపోవడం మీదే బతుకుతున్నాను నేను.

"కోడ్ మార్చెయ్. కొత్తది నాకు చెప్పకు."

తుపాకీ అంటే భయపడుతున్నాననుకున్నట్టున్నాడు, ఫర్వాలేదులే అనబోయి నా ముఖం చూసి ఆగాడు.

"ఆత్మహత్యలు తీసేస్తే అంటావు చూడు," అన్నాను. "ఆ తీసేసినవాళ్ళలో నేనున్నాను. ఏప్రిల్ నుంచీ ఉన్నాను."

తడి స్పాంజి చేతిలో పట్టుకునే మెట్టు మీద కూలబడ్డాడు. అడిగాడు, "ఇవాళ కూడానా?"

"ఇవాళ కాదు. నిన్న."

ఆ పూటే పెట్టెను కారు డిక్కీలో పెట్టి తాళాలు తన జేబులో వేసుకున్నాడు. శనివారం పిస్టల్‌ని కొన్న షాపులోనే ఇచ్చేసి వచ్చాడు. సోమవారానికి నాకు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. నాకు కోపమొచ్చింది, సిగ్గేసింది, హాయిగా కూడా అనిపించింది.

ఆదివారం భోజనాలకి స్నేహితులొచ్చారు. మేము అన్నా అని పిలిచే పెద్దాయన ఒకరు పాత వాదన తవ్వారు. తుపాకీ చావుల అంకెలన్నీ ఈ దేశంలో పెంచి చూపిస్తారని, ఆత్మహత్యలు తీసేస్తే మిగిలేదెంతని అన్నారు. నేను తల దించుకున్నాను.

పులిహోర వడ్డిస్తున్న మా ఆయన గరిటె ఆగిపోయింది.

"తీసెయ్యొద్దన్నా," అన్నాడు. "వాళ్ళనీ లెక్కలో ఉండనియ్యి."