నీళ్లు పోయని రాయి

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే ముచ్చట కాదిది.

వికారాబాద్ ఆసుపత్రిలో మా ఆయన్ని చేర్చి, తాండూరు రైలెక్కాను. ఒళ్లో ఆయన ఛాతీ ఎక్స్‌రే ఉంది. ఇరవై ఏళ్లు గనుల్లో నాపరాయి కోసిన మనిషి ఆయన. ఎదుటి సీటులోని ముసలాయన ఆ ఎక్స్‌రే అడిగి తీసుకుని, కిటికీ వెలుగుకు పట్టి చూశాడు.

"రాయి కోసినోడే గదా బిడ్డా?"

"అవు పెద్దయ్యా. డాక్టరువా?"

"కాదు, గని సేటును. నీళ్లు పోసుకుంట కోస్తే దుమ్ము లేవదు. ఎండకాలం నీళ్ల ట్యాంకరు దండుగని పొడిగనే కోయించిన."

ఇప్పుడు గనులన్నీ అమ్మేశాడట. ఆ సొమ్మంతా ఈ దుమ్ము జబ్బుకు మందు వెతికేవాళ్లకు ఇచ్చేశాడట. మందు దొరికితే ఏ దేశంలో రాయి కొట్టేవాళ్లకైనా ఊరికే ఇవ్వాలని రాయించాడట.

"మా ఆయనకు అందుతదా?" అన్నాను.

ముసలాయన ఎక్స్‌రేను తిరిగి నా ఒళ్లో పెట్టాడు. "అందదు బిడ్డా. మస్తు ఏండ్లు పడ్తది."

నోటినిండా తిట్టాలనిపించింది. "గా ట్యాంకరేదో గప్పుడే తెప్పియ్యకపోతివి" అని మాత్రం అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. ధారూర్‌లో రైలు ఆగి, మళ్లీ కదిలేదాకా దించలేదు.

మా ఆయన ఆ వానాకాలం చూడలేదు. నేను ఇప్పటికీ నీళ్లు చల్లనిదే వాకిట్లో చీపురు పట్టను. ఏ దేశంలోనో నాలాంటి ఆడమనిషి ఇంటికి ఆ మందు వేళకు అందాలని అనుకుంటూ ఊడుస్తాను.

మీ ఇంట్లో అందరి ఊపిరీ తేలిగ్గా ఆడాలి, పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.