బాపు మడమలో జీడి మచ్చ

మా బాపు కల్లు గీయడానికి తాళ్లు ఎక్కే మనిషి. అరికాళ్లు చెప్పు అడుగులా గట్టిపడ్డాయి. కిందటేడు ఎండాకాలం ఆయన ఎడమ మడమలో చిన్న నల్ల మచ్చ కనిపించింది. "ముల్లు ఇరిగినట్టుంది బిడ్డా, జీడి పెట్టు" అన్నాడు. మా దిక్కు ముల్లు విరిగినా, అరికాల్లో ఆనెకాయ లేచినా నల్లజీడి గింజను నిప్పుల మీద కాల్చి, ఉబికిన నూనెతో చుర్రుమనిపించడమే వైద్యం. ఆ పనిలో నా చేయి మంచిదని వాడకట్టంతా పేరు. నేనే పెట్టాను.

జీడి పెట్టిన చోటు నల్లబడుతుంది, కొన్నాళ్లకు పొట్టు లేచి పోతుంది. ఇది పోలేదు. మళ్లీ పెట్టాను. మచ్చ పెరిగింది, అంచులు వంకరపోయాయి. జీడి పాకిందనుకున్నాను. నల్లటి దాని మీద నల్లటిది పూస్తూ ఏడాది గడిపేశాను.

ఎండ గురించి మాత్రం నా అంత తెలిసినవాళ్లు లేరు. పంతులమ్మను. రోజూ చింతమడక నుంచి సిద్దిపేటకు స్కూటీ మీద బడికి పోతాను. ముఖానికి క్రీమ్, చేతులకు తొడుగులు, తలకు చున్నీ. బాపునూ వదల్లేదు. పొడుగు చేతుల అంగీ తొడిగించాను, తలకు రుమాలు కట్టించాను. "ఎండకు తోలు పాడైతది బాపూ" అని పాఠం చెబితే నవ్వుతూ కట్టుకునేవాడు. ఎండ తగలని అరికాలు నా తెలివికి తట్టనే లేదు.

మచ్చ చిట్లి నెత్తురు కారాక గానీ దవాఖానకు తీసుకుపోలేదు. డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపింది. చర్మ క్యాన్సర్ అని తేలింది. "ఎండకు జాగ్రత్తపడటం మంచిదే. కానీ ఇలాంటిది మనవాళ్లకు వస్తే అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద ఎక్కువ. మచ్చ కొత్తగా వచ్చినా, పెరిగినా వెంటనే చూపించాలి. మొదట్లో వస్తే చిన్న కోతతో పోయేదేమో" అంది. తర్వాత అడిగింది, "ఇన్నిసార్లు కాల్చిందెవరు?"

నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు. "నేనే కాల్చుకున్న మేడం. మా బిడ్డ వద్దంటనే ఉండె."

ఆ అబద్ధం చాటున దాక్కున్నందుకు ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

హైదరాబాదులో మడమ కోసి, తొడ చర్మం అతికించారు. గజ్జల్లోకి కూడా పాకిందన్నారు. మందులు నడుస్తున్నాయి. బాపు తాటిచెట్టు వైపు చూడటం కూడా మానేశాడు.

మొన్న పక్కింటి చిన్నమ్మ ఆనె లేచిందని జీడిగింజ పట్టుకుని వచ్చింది.

"ఇగ జీడి పెట్ట చిన్నమ్మా. కాలు చూపియ్యి" అన్నాను. వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి వేళ్ల సందులు కూడా చూశాను. ఆనెలాగే ఉంది. అయినా దవాఖానల చూపించుకొమ్మన్నాను.

"ఏందే గిట్లంటవు, మీ బాపుకు పెట్టినవు గదా?" అంది.

మంచం మీది నుంచి బాపు గొంతు వినిపించింది. "బిడ్డ పెట్టలే. నేనే పెట్టుకున్న."

చిన్నమ్మ నా వైపు చూసింది. బాపుకు పెట్టిన రోజు జీడి కాల్చడానికి తన పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి నా చేతికిచ్చింది ఆమే.